పథ్యాలు, పసుపుతాళ్లు, చీవాట్లు: వార్డులో సంస్కృతి నర్సును ఏం చేస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బీఎస్సీ నర్సింగ్ చేసి, ఎనిమిది నెలలుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి జనరల్ వార్డులో పనిచేస్తున్న అమ్మాయి అడుగుతున్నారు: "రోగి సంస్కృతిని గౌరవించాలని కాలేజీలో చదివాం. వార్డులోకి వచ్చాక చూస్తే పథ్యాలు, ముహూర్తాలు, అటెండెంట్ల అరుపులు, డాక్టర్ల చీవాట్లు, ఇంటికెళ్తే దెప్పుళ్లు. రోజూ ఏడుపొస్తోంది. సంస్కృతికీ నా అలసటకీ నిజంగా సంబంధం ఉందా, లేక నేనే ఈ పనికి పనికిరానా? జర్మనీ వెళ్లిపోతే బాగుంటుందా?"

సంబంధం ఉంది, చాలా ఉంది. మీరు పనికిరాకపోవడం కాదు.

పుస్తకంలో సంస్కృతి అంటే రోగిది ఒక్కటే. వార్డులో మాత్రం మూడుంటాయి. పేషెంటు వెంట వచ్చేది ఒకటి, ఆస్పత్రిలోనే పుట్టి పెరిగింది ఒకటి, మనం ఇంటి నుంచి మోసుకొచ్చేది ఒకటి. నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో చూసినంతవరకు నర్సును పడగొట్టేది మొదటిది కాదు, రెండోది. పేషెంటు ఆచారంతో పది నిమిషాలు కూర్చుంటే రాజీ కుదురుతుంది. ఆ పది నిమిషాలు మనకు లేకుండా చేసేదీ, ఆ తర్వాత వచ్చిన మాటను మనమొక్కరమే పడేలా చేసేదీ ఆస్పత్రి ఆచారం.

నేను గుంటూరులో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివాను. కొన్నేళ్లు ప్రభుత్వ ఆస్పత్రిలో కాంట్రాక్టు ఉద్యోగం, ఆరేళ్లు సౌదీ, ఇప్పుడు హైదరాబాద్‌లో సూపర్‌వైజర్ పని. కింద రాసేది ఈ మూడు చోట్ల చూసిందే.

ముందు పేషెంట్ల సంగతి.

మీరు కాలేజీలో మాడలిన్ లైనింగర్ పేరు చదివే ఉంటారు. అమెరికన్ నర్సు, మానవ శాస్త్రం కూడా చదివింది. 1960ల మొదట్లో న్యూగినీ కొండల్లో గాడ్సప్ అనే జాతి మధ్య ఉండి వాళ్ల సంరక్షణ పద్ధతులు చూసింది. ఆవిడ చెప్పింది పరీక్షలో రాయడానికి కష్టంగా ఉంటుంది కానీ వార్డులో చాలా తేలిక. రోగి ఆచారం ఎదురైనప్పుడు మూడు దారులున్నాయంటుంది: ఉండనివ్వడం, కొంచెం సర్దడం, మార్పించడం. ఏది ఏ దారికి పోతుందో తేల్చుకోవడమే మన పని.

బాలింత సంగతి తీసుకోండి. చెవుల్లో దూది, తలకు గుడ్డ. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, ఉండనివ్వండి. కొత్తలో నేను ఆ దూది తీయించి పారేసేదాన్ని. ఆ అమ్మాయి తల్లి నాతో రెండు రోజులు మాట్లాడలేదు, నేను చెప్పిన మిగతా ఒక్క మాటా వినలేదు. దూది మీద గెలిచి ముర్రుపాల దగ్గర ఓడిపోయానన్నమాట. మొదటి పాలు పిండి పారేసి, బిడ్డ నోట్లో తేనె చుక్కో పంచదార నీళ్లో పోయడం మాత్రం మార్పించాల్సిందే. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టాలి, తేనె పసిబిడ్డకు ప్రమాదం. బాలింతకు మంచినీళ్లు తగ్గించడమూ అంతే. ఒళ్లు నీరు పడుతుందని వాళ్ల భయం. సిజేరియన్ అయిన మొదటి గంటల్లో డాక్టరు వద్దన్నంతసేపు సరే. ఆ తర్వాత కూడా గ్లాసు దాచేస్తే మలబద్ధకం, మూత్రంలో మంట, పాలు సరిగ్గా పడకపోవడం. అక్కడ నేను "తాగకపోతే ప్రమాదం" అనను. "కాచి చల్లార్చిన నీళ్లు గోరువెచ్చగా తాగించండి పెద్దమ్మా, మా ఇంట్లో కూడా అంతే" అంటాను. వాళ్ల గొడవ నీళ్లతో కాదు, చలవతో. వేడినీళ్లకు అభ్యంతరం ఉండదు.

సర్దడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ తాళిబొట్టు. థియేటర్‌కు తీసుకెళ్లే ముందు ఒంటి మీద లోహం ఉండకూడదు, కరెంటుతో కోసే కాటరీ వాడితే కాలే ప్రమాదం ఉంది. కొత్త నర్సు వెళ్లి "మంగళసూత్రం తీసెయ్యండి" అంటుంది. ఆపరేషన్‌కు ముందు, బతుకు మీద భయంతో ఉన్న మనిషితో ఆ మాట ఎలా వినబడుతుందో ఆలోచించండి. మా పాత హెడ్ నర్సు గారు డ్రెస్సింగ్ ట్రాలీ కింది అరలో ఒక పొట్లంలో పసుపుతాళ్లు, పసుపు కొమ్ములు పెట్టుకునేది. ముందు పసుపు కొమ్ము కట్టిన తాడు వేయించి, ఆ తర్వాతే బంగారం తీయించేది. మెడ దగ్గర ఆపరేషన్ అయితే తాడును చేతికి చుట్టి ప్లాస్టర్ వేసేది. తీసిన వస్తువులు ఎవరికిచ్చామో కేస్ షీట్‌లో రాసి సంతకం. మొత్తం ఐదు నిమిషాలు. ఏ ప్రొటోకాల్‌లోనూ లేదు, ఏ కాలేజీలోనూ చెప్పరు. ఆవిడ రిటైరయ్యాక ఆ పొట్లం కూడా పోయింది. కొత్తగా వచ్చిన ఇన్‌ఛార్జి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ రౌండ్‌లో "ఇదేం చెత్త" అని తీయించేసింది.

ఇంకొకటి మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చిన పెద్దావిడ. లంబాడా ఆడవాళ్లు మోచేతి పైన వేసుకునే గాజులు భర్త ఉన్నంతకాలం తీయరు. బీపీ కఫ్ ఎక్కడ కట్టాలి? హౌస్ సర్జన్ గాజులు కోసేయమన్నాడు. నేను కాలికి కట్టి చూసి, కాలికి చూసిన రీడింగ్ అని ప్రతిసారీ రాశాను. సెలైన్ ముంజేతి కింద దొరికిన నరానికి పెట్టాం. నాలుగు రోజులుంది, గాజులతోనే వెళ్లింది.

అమ్మవారు పోసిన కేసులైతే నాకు పని తక్కువ. వేపాకు మంచం చుట్టూ పెట్టుకుంటారు, బయటివాళ్లను రానివ్వరు. మనం ఐసొలేషన్ అని బోర్డు పెట్టి చెప్పినా వినని జనం అమ్మవారంటే వింటారు. మందులు వేసుకుంటే అమ్మవారికి కోపం వస్తుందంటే మాత్రం గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది.

ఇంతవరకు పుస్తకం సరిపోతుంది. ఇక్కడి నుంచి సరిపోదు.

సంస్కృతిని గౌరవించడమంటే కులాన్ని గౌరవించడం కాదు. నా రెండో ఏడాది సర్వీసులో ఒక పెద్దాయనకు మాత్రలు ఇవ్వబోయాను. బ్యాడ్జి మీద పేరు చూసి, "మీరేవిట్లమ్మా?" అన్నాడు. "మేం నర్సులం తాతా" అన్నాను. నవ్వలేదు. నా చేతి గ్లాసు ముట్టలేదు. ఆ పూట మా ఇన్‌ఛార్జి నన్ను ఆ మంచం నుంచి తప్పించి వేరే అమ్మాయిని వేసింది. గొడవ ఎందుకులే, పేషెంటు తృప్తి ముఖ్యం అంది. ఆయన తృప్తి పడ్డాడు. నేను ఆ నెలంతా బ్యాడ్జి తిప్పి పెట్టుకుని తిరిగాను. ఆయన అన్న మాట ఎప్పుడో మానిపోయింది. ఇన్‌ఛార్జి చేసిన పని మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది. ఇప్పుడు నా వార్డుల్లో అలాంటిది జరిగితే నేనే వెళ్లి, "ఈ డ్యూటీలో మీకు ఈ సిస్టరే. మందులు ఈవిడ చేతే తీసుకోవాలి" అని చెప్పి, ఆ అమ్మాయి పక్కనే నిలబడతాను. ఆడ పేషెంటు ఆడ నర్సే కావాలంటే వీలైనంతవరకు ఏర్పాటు చేస్తాను, అది సిగ్గుకు సంబంధించింది. కులం కోసం డ్యూటీ మార్చను. రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇది కొత్త రోగం కాదు. మన నర్సింగ్ మొదలైందే ఈ అంటుముట్టు మధ్య. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్ల కోసం ఆస్పత్రి తెరిచింది. ఇప్పటికీ గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి అంటే తెలియనివాళ్లు తక్కువ. పరాయివాళ్ల మలమూత్రాలు, పురుటి మైల ముట్టుకునే పనికి పెద్ద కులాలవాళ్లు కూతుళ్లను పంపలేదు. అందుకే మిషన్ ఆస్పత్రుల్లో తొలి తరం నర్సుల్లో క్రైస్తవ అమ్మాయిలు, వితంతువులు ఎక్కువ. పని అవసరం, చేసేవాళ్లంటే చిన్నచూపు. ఆ రెండూ కలిసి ఇప్పటికీ మన జీతంలో, పెళ్లి సంబంధాల్లో, పేషెంటు బంధువు మనల్ని పిలిచే తీరులో కనిపిస్తాయి.

ఇక ఆస్పత్రి సంస్కృతి. నా మాటంతా దీని గురించే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

చాలా ఏళ్ల క్రితం ఒక ఆస్పత్రిలో, పేరు వద్దు, నాతో పనిచేసిన చిన్నపిల్ల కథ చెబుతాను. ఆర్నెల్ల అనుభవం. రాత్రి డ్యూటీ. షుగర్ పేషెంటుకు ఇన్సులిన్ రాశారు. అంకె పక్కన యూనిట్లకు బదులు ఇంగ్లీషు 'యూ' అక్షరం గబుక్కున రాస్తే సున్నాలా కనిపిస్తుంది. 10 యూనిట్లు 100 అయింది. మామూలుగా వార్డుల్లో వాడే 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజి నిండా తీస్తే నలభై. అంటే రెండున్నర సిరంజిలు నింపాలి. నింపుతుంటే ఆ పిల్లకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. అయితే ముందురోజు రాత్రి ఇలాగే ఏదో అడగడానికి ఫోన్ చేస్తే, "ఇంత చిన్న విషయానికి లేపుతావా, ఎక్కడ చదివావు నువ్వు" అని ఆ డాక్టరు పేషెంట్ల ముందే స్పీకర్‌లో అరిచాడు. ఫోన్ పెట్టేసి ఇంజెక్షన్ ఇచ్చేసింది.

రెండు గంటలకు పేషెంటు ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. అదృష్టం, పక్క మంచం అటెండెంటు చూసి కేకేశాడు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించాం, మళ్లీ మళ్లీ షుగర్ చూసుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నాం. బతికాడు. తర్వాత విచారణ. మెమో ఒక్కరికే వచ్చింది. ఎవరికో మీకు తెలుసు. ఆ పిల్ల మూడు నెలల్లో నర్సింగ్ మానేసింది, ఇప్పుడు వాళ్ల ఊళ్లో బట్టల కొట్టులో ఉంది.

ఆ రోజు తప్పు జరిగింది చేతిరాతలో కాదు, డాక్టరును ప్రశ్నించకూడదనే ఆచారంలో. డాక్టరు రాగానే కుర్చీలోంచి లేవడం, "సార్ చెప్పారు కాబట్టి" అనడం, రౌండ్స్‌లో అందరి వెనక ఫైలు పట్టుకుని నిలబడటం. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని ఇంట్లో నేర్పారు, కాలేజీలో మేడమ్‌లు నేర్పారు, హాస్టల్లో సీనియర్లు నేర్పారు. వార్డుకు వచ్చేసరికి అది మన ఎముకల్లో ఉంటుంది. ఇంట్లో అది మర్యాద. ఇన్సులిన్ దగ్గర అది ప్రాణం మీదికి తెస్తుంది.

మార్పు అసాధ్యమేమీ కాదు. నేను ఇప్పుడు పనిచేసే చోట సూపరింటెండెంట్ గారు రెండే రెండు పనులు చేశారు. "యూనిట్లు" అని పూర్తిగా రాయకపోతే నర్సు ఆ మందు ఇవ్వక్కర్లేదన్నారు. రాత్రి నర్సు ఫోన్ చేస్తే ఎందుకు చేశావని డాక్టరు అడగకూడదన్నారు. మొదట్లో ఫోన్లు ఎక్కువయ్యాయి, డాక్టర్లు గొణిగారు. రెండు నెలలకు సర్దుకుంది. మర్యాద పోలేదు, ఇప్పటికీ సార్ అనే పిలుస్తాం.

మీరు జూనియర్, రూల్స్ మార్చలేరు. కానీ మాట మార్చుకోవచ్చు. "సార్, ఇది తప్పు" అనలేకపోతే ఇలా అనండి: "సార్, నేను చదివి వినిపిస్తాను, సరేనా? రెగ్యులర్ ఇన్సులిన్ వంద యూనిట్లు." ఎంత కోపిష్టి అయినా ఆ అంకె చెవిన పడగానే ఆగుతాడు. ఎదురు చెప్పినట్టూ ఉండదు, చెప్పకుండా ఊరుకున్నట్టూ ఉండదు.

రెండో ఆచారం, "నర్సంటే భూదేవంత ఓర్పు" అనేది. మే 12న నర్సుల దినోత్సవమని కేక్ కోస్తారు, కొవ్వొత్తులు పట్టుకుని ఫొటో దిగుతాం, నైటింగేల్ గురించి ప్రసంగం వింటాం. అదే రోజు సాయంత్రం మనిషి రాలేదని డబుల్ డ్యూటీ వేస్తారు. వద్దంటే "సేవాభావం లేదు" అంటారు. ఈ సేవ అనే మాటతో నాకు పేచీ లేదు, నేనూ దాన్ని నమ్మే వచ్చాను. కానీ జీతం అడిగినప్పుడు, మనుషులు చాలరన్నప్పుడు అడ్డు పెట్టే మాట కూడా అదే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పాత లెక్కలోనే బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, మామూలు ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒకరు, సెలవుల కోసం అదనంగా 30 శాతం ఉండాలి. నేను నలభై మంచాల వార్డులో రాత్రంతా ఒంటరిగా ఉన్నాను, ఒక ఆయాతో. సుప్రీంకోర్టు చెప్పాక వేసిన నిపుణుల కమిటీ 2016లో, యాభై పడకలు కూడా లేని ప్రైవేటు ఆస్పత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. నా దగ్గరికి ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లలను పాత జీతం ఎంత అని అడిగితే, చిన్న నర్సింగ్ హోముల నుంచి వచ్చినవాళ్లు తల వంచుకుంటారు.

ముహూర్తం సిజేరియన్ల గురించి అడిగారు కాబట్టి ఇక్కడే చెబుతాను, ఎందుకంటే దాన్ని నేను పేషెంటు ఆచారంగా లెక్కేయను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆంధ్రాలో 42.4, దేశం మొత్తం మీద 21.5. అన్నీ ముహూర్తాల వల్లే అనను. కానీ తెల్లవారుజామున నాలుగూ నలభైకి మంచి లగ్నం ఉంటే ఏం జరుగుతుందో నాకు తెలుసు. ముహూర్తం పెట్టేది పంతులు గారు, ఒప్పుకునేది డాక్టరు గారు, రాత్రంతా కూర్చునేది థియేటర్ నర్సు. కుటుంబం కోరుకోవడం తప్పు కాదు, ఎవరి నమ్మకం వాళ్లది. బిల్లు కోసం దాన్ని ఒప్పుకుని ఆ రాత్రిని నర్సు నిద్రలోంచి తీసివ్వడం ఆస్పత్రి చేసిన ఎంపిక. కాబట్టి ఆ పేషెంటు తల్లి మీద కోపం తెచ్చుకోకండి.

నిజం దాచడం సంగతి మీరు అడగలేదు. ఎనిమిది నెలలే కదా, ఎదురవుతుంది. కేన్సర్ అని కొడుక్కి చెప్తారు. కొడుకు, "నాన్నకు చెప్పకండి సిస్టర్, గుండె ఆగిపోతుంది" అంటాడు. రాత్రి పదకొండుకు, అందరూ పడుకున్నాక, ఆయన మిమ్మల్ని పిలిచి "నాకేమైందమ్మా, నువ్వైనా చెప్పు" అంటాడు. డాక్టరు అక్కడ ఉండడు, కొడుకు ఉండడు, మీరుంటారు. అబద్ధం చెబితే ఆయన కళ్లలో చూడలేరు, నిజం చెబితే ఉద్యోగం పోవచ్చు. చేయాల్సింది ఏమిటో తెలిసి చేయలేకపోయే ఈ బాధకు 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికన్ "మోరల్ డిస్ట్రెస్" అని పేరు పెట్టాడు. పేరు తెలిస్తే బాధ పోదు కానీ నా ఒక్కదానికే కాదని తెలుస్తుంది. నేను ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "మీకేమనిపిస్తోంది బాబాయ్?" అని అడుగుతాను. సగం మందికి తెలిసే ఉంటుంది. కొడుకు బాధ పడతాడని తెలియనట్టు ఉంటారు. పొద్దున డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో, కేస్ షీట్‌లో "పేషెంటు తన జబ్బు గురించి అడుగుతున్నారు" అని రాసి డాక్టరుకు చెబుతాను. రాస్తే అది నా ఒక్కదాని బరువు కాకుండా పోతుంది.

మనిషి పోయే ముందు ఇంటికి తీసుకెళ్తామంటే మన ఆస్పత్రుల్లో దాన్ని డాక్టరు మాట వినకపోవడం కింద రాస్తారు, సంతకాలు పెట్టించుకుంటారు. కొన్నిసార్లు దానికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వరు, అందుకని ఆ రాత్రికి మార్చురీలో ఉంచమని బతిమాలతారు. ఇలాంటివేవీ నర్సు తీర్చగలిగినవి కావు. తులసి నీళ్లు నోట్లో పోస్తామంటే, మింగలేని మనిషైతే పెదాలకు తడపమంటాను. ముస్లిం కుటుంబమైతే మంచం తల ఎటు తిప్పమంటారో అడిగి తిప్పుతాను. సౌదీలో నేర్చుకున్న పని అది, ఇక్కడ కూడా అదే పనికొచ్చింది.

సౌదీ అన్నాను కాబట్టి ఒక మాట. అక్కడ పరాయి సంస్కృతి నాదైంది. అదే వార్డు, అదే పని, పాస్‌పోర్టు రంగును బట్టి జీతం. నా యాసకు నవ్వారు. తిరిగి వచ్చాక మన ఆస్పత్రిలో ఒడిశా, మణిపూర్, కేరళ అమ్మాయిలను మన పేషెంట్లు ఎలా వెక్కిరిస్తారో అప్పుడు కనిపించింది. అంతకుముందు నేనూ నవ్విన జ్ఞాపకం. 2020 మే నెలలో కోల్‌కతా ప్రైవేటు ఆస్పత్రుల నుంచి మణిపూర్ నర్సులు వందమందికి పైగా ఒకేసారి ఉద్యోగాలు వదిలి ఊళ్లకు వెళ్లిపోయారు. కోవిడ్ భయం ఒక్కటే కాదు, మొహాలు చూసి పడిన మాటలు కూడా కారణమని వాళ్లే చెప్పారు.

ఇంటి సంగతి త్వరగా ముగిస్తాను. మీదీ నాదీ ఒకటే కథ కదా. పెళ్లిచూపుల్లో "నైట్ డ్యూటీలు మానేస్తుందా?" అని అడుగుతారు. పెళ్లయ్యాక రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, తలస్నానం చేసి, టిఫిన్ చేసి, పదకొండింటికి నిద్రపోతే "ఏ వేళప్పుడు పడక అది" అంటారు. ఆ ఇంట్లోనే ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఫోన్ మనకే. కోవిడ్ మొదట్లో మా కొలీగ్‌ను ఇల్లు ఖాళీ చేయమన్న ఓనరు, రెండో వేవ్‌లో ఆక్సిజన్ బెడ్ కోసం ఆమెకే ఫోన్ చేశాడు. ఇప్పించింది కూడా. నేనైతే ఇప్పించేదాన్నో కాదో చెప్పలేను.

రాత్రి డ్యూటీ తర్వాత నిద్ర గురించి మాత్రం ఇంట్లో గొడవ పడండి. అలవాటైపోతుందిలే అని వదిలేస్తే ఇరవై ఏళ్లకు బీపీ, షుగర్ రూపంలో కట్టాలి. నేను కడుతున్నాను.

ఇప్పుడు మీరు ఏం చేయాలి.

తిట్లు, చేయి చేసుకోవడం వేరు, ఆచారం వేరు. అటెండెంటు బాధలో ఉన్నాడు పాపం అని వదిలేయకండి. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం ప్రకారం ఆస్పత్రి సిబ్బంది మీద దాడికి మూడేళ్ల వరకు జైలు, 50,000 వరకు జరిమానా ఉంది, అందులో నర్సులూ ఉన్నారు. అసభ్యంగా ప్రవర్తించేది పేషెంటైనా, వాళ్ల బంధువైనా పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కింద యాజమాన్యానికి బాధ్యత ఉంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి, మీ ఆస్పత్రిలో అందులో ఎవరున్నారో రేపే కనుక్కోండి. జరిగిన రోజే తారీఖు, సమయం, ఎవరు చూశారు అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. "సిస్టర్" అని పిలిచినందుకు చెల్లెల్ని చేసుకుని ఏమైనా అనొచ్చనుకునేవాళ్లు ఉంటారు. నేను వరసలు పెట్టే పిలుస్తాను, పెద్దమ్మా, తాతా అంటేనే మన జనం మాట వింటారు. కానీ మంచం మీద చేయి ఎక్కడికైనా పోయినప్పుడు ఆ క్షణమే వరస తీసేసి "చేయి తీయండి" అనాలి, పక్క మంచానికి వినబడేంత గట్టిగా.

వార్డులో ఒక్క సీనియర్‌ను పట్టుకోండి. పదవిలో పెద్దవాళ్లు కానక్కర్లేదు, ఇంటికి వెళ్లే ముందు ఐదు నిమిషాలు వినేవాళ్లు చాలు. హ్యాండోవర్ అయ్యాక మెట్ల దగ్గర టీ తాగుతూ మేం చెప్పుకున్న మాటలే నన్ను ఈ ఉద్యోగంలో నిలబెట్టాయి.

రోజూ ఏడుపొస్తోందన్నారు. అది రెండు వారాలు దాటితే, నిద్ర పట్టకపోతే, డ్యూటీకి వెళ్లాలంటేనే చేతులు వణికితే, డాక్టరుకు చూపించుకోండి, మీ ఆస్పత్రిలోనే అక్కర్లేదు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు అడగరు.

జర్మనీ విషయం. వెళ్లండి, తప్పేం లేదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్‌లకు నర్సులను తయారుచేసి పంపుతోంది, ముందు వాళ్లను అడగండి, ఏజెంట్లకు డబ్బు కట్టకండి. జర్మనీకైతే సాధారణంగా బీ2 స్థాయి (ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి) వరకు జర్మన్ భాష నేర్చుకోవాలి. అయితే ఒకటి తెలుసుకుని వెళ్లండి. ఇక్కడ పేషెంటుకు స్నానం చేయించేది, తినిపించేది, బెడ్‌పాన్ తీసేది అటెండెంటో ఆయానో. అక్కడ అటెండెంటు ఉండడు, అది నర్సు పనే. వెళ్లిన మన పిల్లల్లో కొందరు మొదటి నెలలోనే "ఇందుకా డిగ్రీ చేసింది" అని నాకు ఫోన్ చేసి ఏడ్చారు. మరికొందరికి అదే నచ్చింది, ఒళ్లు తుడుస్తున్నప్పుడే పేషెంటు అసలు మాటలు చెప్తాడని. మీరు ఏ రకమో తెలుసుకోవాలంటే ఈ వారం ఒక పని చేయండి. మీ వార్డులో ఎవరూ తోడు లేని పేషెంటు ఒకరు ఉండే ఉంటారు. ఆయాను పిలవకుండా ఒక పొద్దున మీరే ఆయన ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి చూడండి.

ఇంకా, మీ వార్డులో రాత్రిపూట ఎన్ని మంచాలకు ఎంతమంది నర్సులున్నారో రాయలేదు. అది చెబితే, ఆ ఆస్పత్రిలో ఉండమనాలో వేరేది చూసుకోమనాలో ఇంకొంచెం సూటిగా చెప్పగలను.